వానకు ముందు తీసిన నకలు

మూత తియ్యగానే తెల్లటి పొగ బుసబుసా పైకి లేవాలి. లేవలేదు. ఎలిజబెత్ మోకాళ్ళ మీద కూర్చుని డబ్బాను వంచి చూసింది. అడుగున చుక్క లేదు. తెల్లవారగానే విశ్వవిద్యాలయంలో నింపించుకున్న మూడు లీటర్ల ద్రవ నైట్రోజన్, అనంతపురం నుంచి ఉరవకొండ దాకా బస్సులో, అక్కణ్ణుంచి చిన్నగుట్టపల్లె దాకా ఆటోలో వచ్చేలోపల ఆవిరైపోయింది.

బస్సు దిగేటప్పుడే డబ్బాకు బయటివైపు మంచు పట్టి ఉండటం ఆమె చూసింది. చూసి కూడా, ఏమీ కాదులే అనుకుంది. స్పీడ్ బ్రేకర్ మీద బస్సు ఎగిరిపడినప్పుడు సీటు కింద ఖంగుమని చప్పుడైంది. అప్పుడే చలిని పట్టి ఉంచే లోపలి గోడ చిట్లి ఉంటుంది.

టైము తొమ్మిదిన్నర. పడమటి దిక్కున గాలిమరల వెనక మబ్బు నల్లగా కమ్ముకొస్తోంది.

ఆ చేన్ల మీద వాన పడి నలభై ఒక్క రోజులైంది. జూలైలో దొరికిన ఒక్క పదునుకు శెనక్కాయ వేశారు. మొలక బాగా వచ్చింది, పూత వచ్చింది, ఊడలు భూమిలోకి దిగే వేళకు ఆకాశం మొండికేసింది. ఈ రెండు రోజుల్లో వాన రాకపోతే చాలామంది చేన్లలోకి గొర్రెల్ని తోలేస్తారు. అందుకే ఆ ఉదయం ఊళ్ళో ప్రతి ఒక్కరూ గుమ్మాల్లో నిలబడి ఆ మబ్బు వైపే చూస్తున్నారు. ఎలిజబెత్ కూడా చూస్తోంది. ఆమె మాత్రం, ఇంకో రెండు గంటలు ఆగు తండ్రీ, అని లోపల వేడుకుంటోంది. అలా వేడుకుంటున్నందుకు తనకే సిగ్గుగా ఉంది. వాళ్ళమ్మ గుమ్మఘట్ట చేన్లలో కూలికి పోయే మనిషి. వాన లేని ఏడు ఇంట్లో పొయ్యి ఎలా ఉంటుందో ఆమెకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

ఆమె పరిశోధనకు ఇది నాలుగో ఏడు. నల్లమ్మ అనే ముసలావిడకు ఇక్కడ ఐదెకరాల ఎర్రనేల ఉంది. మూడెకరాల్లో అత్తగారి కాలం నుంచి దాచుకొస్తున్న పాత విత్తనం వేస్తుంది. మిగిలిన రెండెకరాల్లో ఊళ్ళో అందరూ వేసే కొత్త విత్తనం. మధ్యన ఒక గట్టు, అంతే. ఒకే నేల, ఒకే ఎండ. కొత్త విత్తనం చెట్లు వాడి, అంచులు మాడిపోయాయి. పాత విత్తనం చెట్లు మధ్యాహ్నం ఆకు ముడుచుకుంటాయి, సాయంత్రానికి మళ్ళీ విప్పుకుంటాయి. ఆ ఆకు లోపల ఏం పని జరుగుతోందో తెలుసుకోవాలని ఎలిజబెత్ తపన.

నిరుడు కుందుర్పి దగ్గర చేన్లో ఇలాగే ఆకులు కోసి, ఐసు పెట్టెలో పెట్టుకుని పరుగున పోయింది. ప్రయోగశాలలో చూస్తే చక్కటి గీతలు కనపడాల్సిన చోట ఒట్టి మరక, పొగ కమ్మినట్టు. "అంతా తునాతునకలైపోయిందమ్మా. కోసిన క్షణంలోనే ఆకును గడ్డకట్టించకపోతే ఇంతే," అంది ఆమె చేత పరిశోధన చేయిస్తున్న పద్మప్రియ మేడం. ఆ మాట అన్నప్పుడు ఆవిడ గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేదని ఎలిజబెత్‌కు చాలాసార్లు అనిపించింది.

ఇప్పుడు మేడంకు ఫోన్ చేసింది. ఇంకో డబ్బా నింపి జీపులో పంపుతానంది ఆవిడ. "కానీ రెండున్నర గంటలు పడుతుంది. అక్కడ మబ్బెలా ఉంది?"

"పడేలాగే ఉంది మేడం."

"చూడు. ఏం చేయగలవో చూడు."

నల్లమ్మ తల మీద సద్ది గిన్నె, చంకలో వాన పట్ట ఇరికించుకుని గట్టు దిగి వచ్చింది. పట్టంటే యూరియా సంచులు విప్పి కుట్టుకున్నదే. "ఏమ్మా ఎలిజమ్మా, అట్ల కూలబడినావు?"

"నైట్రోజన్ అయిపోయిందవ్వా. డబ్బా పోయింది."

నల్లమ్మ గిన్నె దించి, వంగి, డబ్బా మూతిలోకి ఒక కన్ను పెట్టి చూసింది. తర్వాత దాని నడుం మీద తట్టింది. "ఇది ఎద సూది డబ్బా గదా!"

"ఏం డబ్బా?"

"అదేమ్మా, మన షాకీర్ బండికి కట్టుకోని తిరుగుతాడే. ఆవులో ఎనుములో ఎదకొస్తే సూదేస్తాడు. ఎద్దు విత్తనాలు దీంట్లోనే గదా పెట్టుకోనుండేది. మూత తీస్తే పొగొస్తాది."

నిజమే. పశువుల ఆసుపత్రుల్లో వీర్యం దాచేది కూడా ఈ నైట్రోజన్‌లోనే. ఇన్నేళ్ళు ఎలిజబెత్ ఈ డబ్బాలు మోస్తూ తిరిగింది గానీ, ప్రతి మండలంలో ఒక మనిషి ఇదే డబ్బా బండికి కట్టుకుని ఊళ్ళు తిరుగుతున్నాడన్న ఊహే రాలేదు.

నల్లమ్మ జాకెట్లోంచి చిన్న ఫోన్ తీసి, మీటలు గట్టిగా నొక్కి, స్పీకరు పెట్టింది. "యాడుండావప్పా షాకీరూ?"

"ఉరవకొండలో అవ్వా. డబ్బా నింపుకుంటాండా. ఏం, ఎనుము ఎదకొచ్చిందా?"

"నా ఎనుమును పోయినేడే అమ్మితి గదప్పా. ఈడ చదువుకునే పాప ఒకామె యాతన పడతాండాది. మాట్లాడు."

ఎలిజబెత్ గబగబా చెప్పింది. షాకీర్ అంతా విని, "మేడం, నా డబ్బాలో నలభై దాకా సూదులకు సరుకుండాది. మట్టం తగ్గితే అంతా సచ్చిపోతాది. పోసియ్యలేను," అన్నాడు.

"పొయ్యొద్దన్నా. నా పొట్లాలు మీ డబ్బాలో ముంచుకోనిస్తే చాలు. చిన్నవి. పన్నెండు. వాన పడితే, పడినంక ఇంకో పన్నెండు."

"నాకు లింగన్న ఎనుము ఉండాది మేడం. రాత్రి నుంచి అరుస్తాండాదంట. ఈ పూట దాటితే మళ్ళా ఇరవై ఒక్క రోజులు ఆగాల."

"లింగన్న ఊరు యాడన్నా?"

"మీ చేను దాటి నాలుగు కిలోమీటర్లు."

"అయితే దావలోనే గదా."

షాకీర్ నవ్వినట్టున్నాడు. "సరే, వస్తా. అరగంట."

అరగంట గడిచింది. ఎలిజబెత్ గట్టు మీద సిల్వర్ కాగితం ముక్కలు పరిచి, ఎగిరిపోకుండా ఒక్కోదాని మీద గులకరాయి పెట్టింది. కత్తెరను స్పిరిట్‌తో తుడిచింది. మళ్ళీ తుడిచింది. చేతులకు తొడుగులు వేసుకుంది. చెమట పట్టి తీసేసి కొత్తవి వేసుకుంది. రోడ్డు దాకా నడిచి వెళ్ళి చూసింది, తిరిగి వచ్చింది. గాలి లేచింది. గాలిమరల రెక్కలు జోరందుకున్నాయి.

"ఈ ఫ్యాన్లే మబ్బుల్ని తరుముతాండాయి," అని తిట్టుకుంటూ నల్లమ్మ సాళ్ళలో గడ్డి పీకుతోంది. పీకుతూ పీకుతూ ఎలిజబెత్ గుర్తు కోసం దారం కట్టుకున్న చెట్టు దగ్గరకు వచ్చి, "చూడు పాపా, ఈ చెట్టు ఎంత..." అంటూ చిటారు ఆకు మీద చెయ్యి వేయబోయింది.

"ముట్టుకోవద్దు!"

ఎలిజబెత్ అరుపు తన చెవులకే గట్టిగా వినపడింది. నల్లమ్మ చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకుంది. ఆ చేతిని చీరకు తుడుచుకుంది. నాలుగడుగులు వెనక్కి వేసి, మొహం పక్కకు తిప్పుకుని నిలబడింది.

ఆ వెనకడుగు ఎలిజబెత్‌కు తెలుసు. చిన్నప్పుడు పెద్దోళ్ళ కళ్ళంలో కూలి ముగిశాక దోసిట్లోకి పైనుంచి నీళ్ళు పోస్తుంటే, వాళ్ళమ్మ తాగి, తడిచేతులు చీరకు తుడుచుకుని సరిగ్గా అలాగే వెనక్కి జరిగేది. ఎలిజబెత్ చేతి తొడుగులు రెండూ లాగి పారేసి నల్లమ్మ ఎదురుగా వెళ్ళింది.

"అవ్వా, తప్పు మాటనేస్తి. నీ చెయ్యని కాదు. ఈ వట్టి చేత్తో నేను ముట్టుకున్నా పనికిరాదు. మా మేడం ముట్టుకున్నా పనికిరాదు. మనిషన్న ప్రతివాని చెమటలో, ఎంగిలిలో కత్తెర లాంటిది ఒకటి ఉండాది. అది తగిలితే నేను పట్టుకోవాల్సిన నకలు తునకలైపోతాది."

నల్లమ్మ మొహం ఇటు తిప్పి, "నకలా? పట్టా నకలా?" అంది.

ఎలిజబెత్ డిగ్రీ పిల్లలకు ఈ పాఠం రెండేళ్ళు చెప్పింది. ఇంత సులువైన మాట ఎప్పుడూ దొరకలేదు.

"అట్లాంటిదే. నీ భూమి అసలు రికార్డు యాడుంటాది?"

"మండలాఫీసులో. బీరువాలో."

"దాన్ని ఇంటికి తెచ్చుకోనిస్తారా?"

"యాడిస్తారు! నకలే ఇచ్చేది."

"ఆకులోనూ అంతే. కంటికి కనపడని గదులు లక్షలుంటాయి. ఒక్కో గదిలో ఒక బీరువా. చెట్టు ఎట్ల పెరగాల, ఎట్ల పూయాల, ఎండకు ఎట్ల ఓర్చుకోవాల, అంతా దాంట్లో రాసుండాది. ఆ రాత బయటికి రాదు. ఏ పని పడితే ఆ పని రాసినంత మేరకే నకలు తీస్తాది చెట్టు. ఆ నకలు బయటికొస్తాది. బయట దాన్ని చదివేటివి కాసుకోనుంటాయి. మూడేసి అక్షరాలు చదువుతాయి. మూడక్షరాలకు ఒక పూస. ఇంకో మూడింటికి ఇంకో పూస. ఆ పూసల్ని తెచ్చిచ్చేటివి వేరే ఉండాయి. నకలు చివరిదాకా చదివేసరికి దండ తయారు. ఆ దండ తగినట్టు మడతపడితే, అదే ప్రోటీను."

"ప్రోటీనంటే గుడ్లో ఉండాదని అంగన్వాడీలో చెప్పిరి."

"గుడ్లో ఉండేది ఒక రకం. ఆకు ఎండిపోకుండా లోపల తేమను కాసేది ఇంకో రకం. రకానికొక నకలు."

నల్లమ్మ గడ్డిపోచ ఒకటి నోట్లో పెట్టుకుని నమిలింది. "అట్లయితే ఇంట్లో మూటలో విత్తనాలుండాయి గదా. వాటిలోనూ ఆ రాత ఉంటాది. ఒక దోసెడు ఇచ్చేదాన్ని. ఈ ఎండలో పడి చచ్చేదెందుకు?"

ఈ ప్రశ్న పోయినేడు సెమినార్‌లో ఎవరూ అడగలేదు.

"రాత దొరుకుతాదవ్వా. ఏ నకలు ఎప్పుడు తీస్తాండాదో అది దొరకదు. నకలు నిలవుండదు. గంటో, రెండు గంటలో. పని అయిపోతే చెట్టే చింపేస్తాది. నలభై ఒక్క దినాలు ఎండకు నిలబడిన ఈ చెట్టు ఈ పొద్దు ఏం నకళ్ళు తీసుకుంటాండాదో నాకదే కావాల. ఆకు మీద చినుకు పడితే చాలు, నిమిషాల్లో లెక్క మారిపోతాది."

నల్లమ్మ మబ్బు వైపు చూసింది. తర్వాత ఎలిజబెత్ మొహంలోకి చూసింది.

"అయితే నీకు వాన రాగూడదు."

అప్పుడే రోడ్డు మీద మోటారుసైకిల్ చప్పుడు వినపడింది.

షాకీర్ బండిని గట్టు దాకా తోలుకొచ్చి, వెనక సీటుకు రబ్బరు పట్టీతో కట్టిన డబ్బాను పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని దిగాడు. నలభై ఏళ్ళ బక్కమనిషి. మొదటి చినుకు అతని డబ్బా మూత మీదే పడింది. టప్ మంది.

"తొందరగా మేడం. దీంట్లో నీళ్ళు పడకూడదు."

చినుకులు అక్కడక్కడా ఎర్రమట్టిలో గుంటలు వేస్తున్నాయి. ఎలిజబెత్ కొత్త తొడుగులు వేసుకుని మొదటి చెట్టు దగ్గర కూలబడింది. పైన నీడ కమ్మింది. తలెత్తి చూస్తే నల్లమ్మ. యూరియా సంచుల పట్టను రెండు చేతులా పైకెత్తి పట్టుకుని, చెట్టుకూ ఎలిజబెత్‌కూ అడ్డంగా నిలబడి ఉంది. గాలికి పట్ట పటపటా కొట్టుకుంటోంది. నలభై ఒక్క రోజులు ఎదురుచూసిన వాన ఆ ముసలిదాని మొహం మీద, మెడ మీద పడుతోంది.

"చూస్తావేం? కొయ్యి!"

కోసింది. కాగితంలో మడిచింది. షాకీర్ మూత తీశాడు, పొగ బుస్సుమని లేచింది, పొట్లం అందులోకి పోయింది. లోపల కుతకుతమని ఉడికిన చప్పుడు. ఒకటి. రెండో చెట్టు. మూడు. షాకీర్ డబ్బా మూతి మీద తన ఒళ్ళంతా వంచి వానకు అడ్డం పెట్టాడు. ఆరు పొట్లాలు కాగానే ముగ్గురూ గట్టు దాటి కొత్త విత్తనం చేన్లోకి పరుగెత్తారు. నల్లమ్మ కాలు జారి మోకాలి మీద పడింది. పట్ట మాత్రం వదల్లేదు, లేచింది.

పన్నెండో చెట్టు దగ్గర గాలి పట్టను ఒక్కసారి ఎత్తి కొట్టింది. ఆకు మీద నాలుగు చినుకులు పడ్డాయి. ఎలిజబెత్ కత్తెర పట్టుకుని ఆగింది. ఎవరూ చూడలేదు. చూసినా తెలియదు. ఆ ఆకును కోసి కాగితంలో పెట్టింది, మడవబోయింది, మళ్ళీ విప్పి మట్టిలో పారేసింది.

"చాలన్నా. పదకొండే."

పొట్లాల్ని గుడ్డసంచిలో వేసి, దారం కట్టి డబ్బాలోకి దించారు. షాకీర్ టైము చూసుకున్నాడు. "లింగన్న కాడికి పోయొస్తా. నీ సరుకు నా కాడ భద్రంగుంటాది. వాన పడినంక మళ్ళా కొయ్యాలంటివి గదా. గంటన్నరలో వస్తా."

ఎద్దు విత్తనాల మధ్య తన నాలుగేళ్ళ చదువును బండి మీద పంపించి ఎలిజబెత్ వానలో నిలబడింది. బండి ఎక్కడైనా జారితే? మూత ఊడితే? గట్టు మీద అటూ ఇటూ తిరిగింది. కూర్చుని మళ్ళీ లేచింది. వాన జోరుగా పడింది. సాళ్ళలో నీళ్ళు కదిలాయి. ఊరి వైపు నుంచి ఎవరిదో ఈల వినపడింది.

పావుగంట కూడా కాలేదు. ఎవరో గుడ్డ లాగేసినట్టు వాన ఆగిపోయింది. మబ్బు విడిపడి తూర్పుకు జరిగింది. ఎండ వచ్చింది.

నల్లమ్మ పుల్ల తీసుకుని సాలులో గుచ్చి చూసింది. తడిమన్ను పక్కకు తీసింది. వేలెడు లోతుకే పొడిమట్టి దుమ్ముగా లేచింది. ఇంకోచోట తవ్వింది. అక్కడా అంతే. ఇంకోచోట తవ్వలేదు. పుల్ల పారేసి కూర్చుంది.

ఎలిజబెత్ ఆమె పక్కన చతికిలబడింది. చెప్పకుండా ఉంటే సరిపోయేది. కానీ మనసు నిలవలేదు.

"అవ్వా, పొద్దున్నుంచి వాన ఆగాలని నేను మొక్కుకుంటి. రెండు గంటలన్నా ఆగాలని."

నల్లమ్మ ఆమె వైపు ఎగాదిగా చూసింది. "నువ్వు మొక్కితే ఆగేదైతే, నలభై దినాలుగా నేను మొక్కుతాండా. నాకెందుకు రాలేదు? మీ దేవుడు నా దేవునికంటే బాగా వింటాడనా?"

ఎలిజబెత్‌కు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. నల్లమ్మ సద్ది గిన్నె దగ్గరకు లాగి, రాగిసంగటి సగానికి విరిచి ఆమె చేతిలో పెట్టింది. "తిను. పొద్దున్నుంచి కాలుగాలిన పిల్లి మాదిరి తిరుగుతాండావు."

తిన్నారు. షాకీర్ చెప్పిన టైముకే వచ్చాడు, ప్యాంటు మోకాళ్ళ దాకా పేడ. ఎనుముకు పని అయిందన్నాడు. వాన తాకిన ఆకులు మరో పన్నెండు పొట్లాలు కోసి, అదే డబ్బాలో ముంచారు. "లింగన్న ఎనుముకు శెనక్కాయ చెట్టు పుడితే నన్నడగొద్దు," అన్నాడతను, మూత బిగిస్తూ. షాకీర్ బండి మీద ఉరవకొండ పోతే, ఆలస్యమైన మేడం జీపు మూడింటికి అక్కడ దొరికింది. పొట్లాలు కొత్త డబ్బాలోకి మారాయి. ఎలిజబెత్ దాన్ని సీటు మీద కాదు, ఒళ్ళో పెట్టుకుని అనంతపురం చేరింది.

నాలుగో రోజు ఆకుల్ని నైట్రోజన్ పోస్తూ కల్వంలో నూరి, నకళ్ళుండే ఆర్‌ఎన్‌ఏ వేరు చేసి జెల్ మీద నడిపింది. జెల్ కింది ఊదా దీపం తను వెలిగించకుండా పక్కకు జరిగింది. పద్మప్రియ మేడమే మీట నొక్కింది. ఇరవై మూడు పొట్లాలకు ఇరవై మూడు వరసల్లో, ప్రతి వరసలో రెండేసి గీతలు, నకళ్ళను చదివే యంత్రాల తాలూకువి, పదునుగా మెరిశాయి. అవి చెదరలేదంటే నకళ్ళు కూడా చెదరనట్టే. మేడం చాలాసేపు చూసి, కళ్ళద్దాలు తుడుచుకుని, "నిరుడు ఆ మాట అని నిన్ను నిరాశపరిచినట్టున్నాను," అంది.

లెక్కలు తేలేసరికి నవంబరు వచ్చింది. కణాల్లో తేమను కాపాడే ఒక ప్రోటీను నకళ్ళు పాత విత్తనం ఆకుల్లో కుప్పలుగా ఉన్నాయి. వాన పడిన గంటన్నరకే అవి నాలుగోవంతుకు పడిపోయాయి. కొత్త విత్తనంలోనూ ఆ రాతే ఉంది, నకళ్ళే బాగా తక్కువ. "ఒక్క చేను, ఒక్క ఏడు," అని మేడం హెచ్చరించింది. "ఇంకో రెండేళ్ళు చూడందే ఎవరితోనూ గట్టిగా అనకు."

ఎలిజబెత్ మధ్యాహ్నం వరండాలోకి వచ్చి నల్లమ్మకు ఫోన్ చేసింది. అవతల శెనక్కాయ వలుస్తున్న చప్పుడు. సెప్టెంబరు చివర్లో ఇంకో వాన పడిందట. పాత విత్తనం మూడెకరాలకు ఐదు మూటలైంది. కొత్తది గొర్రెలు మేశాయి.

"మేడం గట్టిగా అనొద్దనింది," అంటూనే ఎలిజబెత్ అంతా చెప్పేసింది. నల్లమ్మ మధ్యలో రెండుసార్లు ఆపి అడిగి, అర్థం చేసుకుంది.

"అయితే దానికి రాత ఉన్నా, తీసుకునే తెలివి లేదంటావు."

"అట్లే ఉండాది. ఇంకా చూడాల."

"మా ఊరి నారాయణప్ప వచ్చిండె మొన్న. నా విత్తనాన్ని చూసి నవ్వేటోడు, ఇప్పుడు రెండు శేర్లు అడిగె. ఇస్తి."

"ఇచ్చేస్తివా?" ఎలిజబెత్ గోడను ఆనుకుని ఉన్నదల్లా నిటారుగా నిలబడింది. "అయితే చూసేదానికి రెండో చేను దొరికినట్టే. ఆయన చేను యాడవ్వా? మీ మాదిరి ఎర్రనేలా, నల్లరేగడా? బోరు ఉండాదా?"

"నాకేం తెలుసు ఆయన చేని సంగతి! వాగవతల. నీకు కావాలంటే వచ్చి చూసుకో."

"ఎప్పుడు రమ్మంటావు?"

"రేపు రా," అంది నల్లమ్మ. వెనక ఎవరో పిలుస్తుంటే ఫోన్ పెట్టేసింది. ఎలిజబెత్ లోపలికి పోయి గోడకున్న బస్సుల టైములు వెతకడం మొదలుపెట్టింది.